మంచి మట్టి

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆత్మకూరు దగ్గర ఒక వాగులో చేపలు చచ్చిపోతున్నాయని మా మత్స్యశాఖ ఆఫీసు నన్ను పంపించింది. తోళ్ళ కార్ఖానా మురుగే కారణమని వచ్చిన రోజే నిశ్చయించుకున్నాను. నెల దాటినా రుజువు చూపడం మాత్రం మిగిలే ఉంది.

నేను దిగిన పేటలోని చర్చి పంచలో రెండు బానలు పెట్టాను. ఒకదాని అడుగున కార్ఖానా దిగువన వాగు బురద పరిచాను. రెండోదానిలో దిగుడుబావి మట్టి. ఎండలకు ఆ పేటకు మిగిలిన బావి అదొక్కటే. నేనూ ఆ నీళ్ళే తాగుతున్నాను, అంతకంటే మంచి మట్టి ఎక్కడ దొరుకుతుంది? నాలుగు మైళ్ళ అవతలి చెరువు నుంచి బండి మీద నీళ్ళు తెప్పించి పోసి, పదేసి బెడిస చేపపిల్లల్ని వదిలాను.

మర్నాటికి మంచి మట్టి బానలో పదీ వెల్లకిలా తేలాయి. బురద బానలో రెండే చచ్చాయి.

నాకు మతి పోయింది. నీళ్ళు మోసిపెట్టే కృపమణి మీద విరుచుకుపడ్డాను.

"బానలు అటూ ఇటూ మార్చావా ఏం?"

"దేవుని తోడు సారూ, తాకనే లేదు. చీపురు గూడా ఆ తట్టుకు పోనీకుండా ఊడుస్తాండా."

బానలకు సున్నంతో గుర్తులు పెట్టి, కొత్త మట్టి, కొత్త చేపలు వేసి, ఈసారి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి మంచి మట్టి చేపలు ఒరిగిపోయి గుండ్రంగా తిరగసాగాయి. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. బురద బానలో మళ్ళీ ఎనిమిది ఈదుతున్నాయి. నేను చదివిన చదువు తప్పా, నా కళ్ళు తప్పా, ఏమీ అంతుబట్టలేదు.

"ఆ బావిలో ఎవరైనా ఏమైనా కలిపారా?"

"తాగే నీళ్ళల్లో ఎవురు కలుపుతారు సారూ? పోయిన నెల దోమల మందు కొట్టేటోళ్ళు మాత్రం డబ్బాలు ఆ మెట్ల మీద కడిగిరి. పాల మాదిరి తెల్లగా దిగింది."

"బావిలో కడగమని ఏ బుద్ధిలేనివాడు చెప్పాడు?" అని అరిచాను.

కృపమణి తల దించుకుంది.

"వాళ్ళు వాగుకే పోతాండ్రి సారూ. చేపలు చస్తాయి, బావికాడికి పోండని మీరే గదా చూపిస్తిరి."

గుర్తొచ్చింది. వాగును కాపాడానని ఆ రోజు గర్వపడ్డాను కూడా.

ఆమె ఎప్పటిలాగే నీళ్ళ చెంబు నా ముందు పెట్టబోయి ఆగింది. బానల వైపు చూసింది.

"అయితే మేము ఇంక వాగు నీళ్ళు తెచ్చుకుందుమా సారూ? ఆ బానలో ఎనిమిది బతికే ఉండాయి గదా."

చెంబు పక్కకు జరిపి, ఆ బానలో చచ్చిన రెండింటినీ ఆమెకు చూపించాను.