మూరెడు మంచు

నెకర్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో, ఉదయం ఏడు కొట్టేసరికి ప్రతి దుకాణదారూ తన గుమ్మం ముందు కాలిబాట మీది మంచు ఎత్తి, జారకుండా కంకర నూక చల్లి తీరాలి. ఎవరైనా జారిపడితే ఆ తప్పు దుకాణానిదే. ఈ విషయంలో బ్రెడ్ కొట్టు రోస్‌విటా మహా నిక్కచ్చి మనిషి. పక్క కొట్టులో చెప్పులు బాగుచేసే ఒట్‌మార్ ఆమెకేమీ తీసిపోడు. వాననీళ్ళ గొట్టం దగ్గర మాటా మాటా పెరిగి, నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పారలు మాత్రం పోటీ పడేవి. ఎవరి హద్దు దాకా వాళ్ళు గీత గీసినట్టు ఎత్తేవారు. మధ్యలో మూరెడు మంచు అలాగే ఉండిపోయేది. అది ఆయనదేనని రోస్‌విటా గట్టి నమ్మకం. ఇరుగూ పొరుగూ అన్నాక ఇంత పంతం ఎందుకో!

సోమవారం పొద్దున వాల్‌బుర్గా ఆ మూరెడు చోటే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన ముసలి మంత్రసాని ఆవిడ. రోస్‌విటా పుట్టిందీ ఆ చేతుల్లోకే.

మర్నాడు పురపాలక ఉద్యోగి విచారణకి వస్తున్నాడని తెలిసి రోస్‌విటా పాత స్థలం కాగితాలు తీసింది. ఆ మూర తనదే. ఒప్పుకుందామని బయటికి వచ్చేసరికి ఉద్యోగి రానే వచ్చాడు. అది తన వంతేనని ఒట్‌మార్ చెప్పేసి, అతని చేత రాయించేశాడు కూడా.

ఊరుకుంటే గండం గడిచినట్టే. ఊరుకోలేక, నాలుగేళ్ళ తరవాత ఒట్‌మార్ గడప తొక్కింది. ఎందుకలా చెప్పారని అడిగింది.

ఒట్‌మార్ చేతిలోని బూటు కింద పెట్టాడు. "మీదని నాకు మొదట్నుంచీ తెలుసు. గొడవకి ముందు నేనే తీసేవాణ్ణిగా, అందుకే మీరు నాదనుకున్నారు. తరవాత కావాలనే మానేశాను. ఏమయ్యా, ఇదెందుకు వదిలేశావని అడగడానికైనా వస్తారనుకున్నాను. తిట్టినా సరే, మాట్లాడతారని. ఆవిడ పడింది నా పంతం వల్లే కదా."

రోస్‌విటాకి కళ్ళు మసకబారాయి. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్ళూ మొండివాడనుకుంది.

"పదండి, ఆ రాసింది కొట్టేయిద్దాం," అంది. "అక్కణ్ణుంచి వాల్‌బుర్గమ్మ దగ్గరికి. మీరూ రావాలి. ఒక్కదాన్నే వెళ్తే, ఆ చేతికి కట్టు చూసి నాకు మాట పెగలదు."

ఆయన అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.