నా మూలలు వంకరట!

నేను ఒక ఇనప అచ్చుని. ఎటు కొలిచినా ఆరంగుళాలు. శ్లాబు పోసేరోజు ఆ కాంక్రీటు మాలులోంచే కాస్త తీసి నా కడుపు నింపుతారు. మర్నాడు నా బోల్టులు విప్పి, గట్టిపడ్డ దిమ్మను ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి, ల్యాబులో మిషను కింద పెట్టి నొక్కుతారు. దిమ్మ ఎంత బరువు ఓర్చుకుంటే కప్పు అంత గట్టిదని నమ్ముతారు. అంటే కప్పు తరఫున సాక్ష్యం నాదే. ఫౌండ్రీలో నా మూలలు సానబట్టిన ముసలాయన నన్ను తట్టి, ఇది అబద్ధమాడదు అన్నాడు. పాపం, ఆయన ఎప్పుడూ సైటుకి వచ్చి ఉండడు.

నేను సైట్లకి వెళ్లాను. రోత పుట్టింది. ఎక్కడికెళ్లినా నాకోసం వేరే మాలు! శ్లాబుకి ఇసుక, నాకు సిమెంటు. కడుపు నిండా అబద్ధం కుక్కించుకుని పాసవడం, ఆ కాగితం మీద పెద్ద సంతకాలు పడటం. ఛీ, ఏం బతుకు!

అలాగే కొత్తగా కడుతున్న ఒక ఆడపిల్లల హాస్టలుకి నన్నూ నా జంట అచ్చులు రెండింటినీ తీసుకెళ్లారు. కాంట్రాక్టరు మనిషి జోగారావు తట్టలు మోసే సూరీడమ్మను పిలిచి, మా మూడింటికీ వేరుగా మాలు కలపమన్నాడు. సూరీడమ్మ కూతురు హైమావతి ఆ ఏడే ఆరో తరగతికొచ్చింది. ఆ పిల్ల పడుకోబోయేది ఆ శ్లాబు కిందే.

"ఇంత సిమెంటు దీనికేటి బాబూ? సలాబుకైతే ఇసకే గదా ఏస్తన్నాం" అంది సూరీడమ్మ.

"పరీక్షకెళ్లేది ఇదే గదా. దీనికి నెయ్యి ముద్ద పెట్టాల. శ్లాబుని పరీక్ష ఎవడు రాయమన్నాడు?" అని జోగారావు నవ్వుకుంటూ టీకి వెళ్లాడు.

సూరీడమ్మ చెప్పినట్టే సిమెంటు మాలు కలిపింది. తర్వాత ఆ నెయ్యి ముద్దను శ్లాబులోకి విసిరేసి, శ్లాబు మాలు తెచ్చి మా మూడింట్లోనూ కూరింది. నా జన్మలో నేను తిన్న నిజమైన తిండి అదొక్కటే.

నలభై అయిదు టన్నులు మోయాల్సిన దిమ్మలు ఇరవైకే పిండయ్యాయి. ల్యాబు మేడం రత్నకుమారి ఫెయిలని రాసింది. వారం తిరక్కుండా పైనుంచి ఉత్తరం వచ్చింది: శ్లాబు భేషుగ్గా ఉంది, అచ్చుల మూలలే వంకర అని. మూడు అచ్చులూ కూడబలుక్కుని ఒకేరోజు వంకరపోయాయన్నమాట! రత్నకుమారి మమ్మల్ని మూలమట్టం పెట్టి కొలిచి, చదరంగానే ఉన్నాయని మళ్లీ రాసింది. ఆవిడ మాట ఎవరిక్కావాలి? కొత్త అచ్చులొచ్చాయి, కొత్త దిమ్మలు దర్జాగా పాసయ్యాయి. మమ్మల్ని ల్యాబు వెనక తుక్కులో పారేశారు.

దిమ్మలు ఏమయ్యాయో అడగడానికి సూరీడమ్మ ల్యాబుకి వచ్చింది. రత్నకుమారి దాచకుండా చెప్పింది. సూరీడమ్మ వెళ్తూ వెళ్తూ తుక్కులోంచి నన్ను చంకనెత్తుకుంది.

ఇప్పుడు ఆమె పాక మీద రేకు గాలికి లేవకుండా బరువుగా కూర్చున్నాను. హాస్టలుకి రిబ్బను కత్తిరించారు. నలభైమంది పిల్లలు పెట్టెలతో దిగారు. సూరీడమ్మ గేటు దగ్గర కొందరు తల్లులకి చెప్పి చూసిందట, జోగారావు తరిమేయించాడట.

నేస్తాలందరూ అక్కడుంటే తనొక్కతే ఇక్కడెందుకని హైమావతి రోజూ ఏడుస్తుంది. నిన్న సూరీడమ్మ నోరు విప్పింది.

"ఆ సలాబు మాలు మోసింది నానేనే, అమ్మా."