మెర్విన్ దిగే వేళ

గట్టు తుడిచి, పొయ్యి మీద కెటిల్ పెట్టి, నోరీన్ కిటికీలోని రేడియో గొంతు పెంచింది. రోజూ ఆ వేళకు చేసే పనే. కల్గర్రా ఎయిర్‌స్ట్రిప్‌లో పైలట్లకు టీ పొయ్యడం, విమానాలకు పెట్రోలు కొట్టడం రెండూ ఆవిడ పనులే. అక్కడ టవరూ లేదు, దారి చూపే ఆఫీసరూ లేడు. వచ్చేవాడు తను ఎక్కడున్నాడో ఎంత ఎత్తులో ఉన్నాడో తనే రేడియోలో చెప్పుకోవాలి, విన్నవాళ్ళు తప్పుకోవాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, అక్కడ నోరు మంచిదైతేనే ప్రాణం దక్కేది.

దిగాక కూడా ఒక మాట మిగులుతుంది. విమానాన్ని పక్కకు తీసి, "రన్‌వే ఖాళీ చేశాను" అనాలి. ఆ మాట వినపడేదాకా వెనకవాడు దిగడు.

ఎండ వాలే వేళకు దక్షిణం నుంచి మెర్విన్ నీడ వచ్చేది. మెర్విన్ నోరీన్ మొగుడు. నాలుగేళ్ళ కిందట టపా సంచులతో ఇంటికొస్తూ, "పది మైళ్ళ దూరంలో ఉన్నాను" అన్నాడు. అదే ఆఖరు. ఎంత వెతికినా ఒక్క రేకుముక్క దొరకలేదు. వెతికేవాళ్ళు వెనక్కి వెళ్ళిపోయాక, అతని విమానం నీడ మాత్రం, పైన విమానమేమీ లేకుండానే, గడ్డి మీదా ఎర్రమట్టి మీదా పాకుతూ వచ్చి రన్‌వే నడిమధ్య ఆగింది. పొద్దు గుంకగానే మాసిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. నీడకు నోరుండదు కదా, అందుకని దాని తరఫున, మెర్విన్ విమానాన్ని రేడియోలో పిలిచే పేరుతో, నోరీనే మైకు పట్టుకునేది.

"కల్గర్రాలో ఉన్నవాళ్ళందరికీ, లీమా క్యుబెక్. దక్షిణాన పది మైళ్ళు. దిగడానికి వస్తున్నాను."

"విన్నాం లీమా క్యుబెక్, నువ్వే ముందు," అని పైనున్నవాళ్ళు తప్పుకునేవాళ్ళు. ఒకసారి పొరుగు పైలట్ ఒకడు తొందరపడి ఆ నీడ మీద దిగబోతే చక్రాలకు నేల తగల్లేదు. విమానాన్ని మళ్ళీ పైకి లేపి, పెద్ద రన్‌వేకు అడ్డంగా ఉన్న చిన్న మట్టి రన్‌వే మీద దిగాడు. అప్పట్నుంచి సాయంత్రం వచ్చేవాళ్ళంతా ఆ అడ్డరన్‌వే మీదే దిగుతున్నారు.

రన్‌వే ఖాళీ చేశానన్న ఆఖరి మాట మాత్రం నోరీన్ ఎన్నడూ అనలేదు. అంటే ప్రయాణం అయిపోయినట్టే. ప్రయాణం అయిపోయినవాడు రేపు మళ్ళీ ఎందుకొస్తాడు?

ఆ వారమంతా ఒకటే వాన. ఎండ లేక నీడ రాలేదు. నోరీన్‌కు తిండి సయించలేదు, ఎవరు పలకరించినా కసురుకుంది. చివరికి ఒక సాయంత్రం పడమట మబ్బు చిరిగి ఎండ పడింది. "వస్తున్నాడు!" అంటూ మైకు దగ్గరికి పరిగెత్తింది. హెలికాప్టర్‌తో పశువులను తోలే గార్త్ టీ తాగుతూ నవ్వాడు.

"అబ్బో, ఏం సంబరం వదినా! కాస్త జుట్టన్నా దువ్వుకో."

"నువ్వింటికెళ్తే నీ పెళ్ళాం తలుపే తియ్యదు, నాకు చెప్పొచ్చావా?"

నీడ వచ్చి రన్‌వే మధ్యలో ఆగింది. నోరీన్ కళ్ళారా చూసుకుంది. అంతలో రేడియో గరగరలాడింది.

"కల్గర్రాలో ఉన్నవాళ్ళకి, ఫిన్లే. తూర్పున ఆరు మైళ్ళు. ఎదురుగాలికి పెట్రోలు అయిపోవచ్చింది. అడ్డరన్‌వే ఎలా ఉంది?"

మెర్విన్ పోయాక టపా సంచులు ఫిన్లే మోస్తున్నాడు. మొగుడి పని లాక్కున్నాడని నోరీన్‌కు కంటగింపు. టీ పోసినా మూతి తిప్పుకునే పోసేది.

గార్త్ మైకు అందుకున్నాడు. "అడ్డరన్‌వే మోకాలి లోతు బురదరా. దిగితే తలకిందులవుతావు. పెద్దదాని మీద మెర్విన్ ఉన్నాడు. పొద్దు గుంకేదాకా తిరుగుతావా?"

"అంతసేపు ఉండలేను గార్త్. చుట్టూ చూస్తే అన్నీ నీళ్ళే."

గార్త్ మైకు బల్ల మీద పెట్టి టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకెక్కడికైనా పొమ్మను," అంది నోరీన్.

"ఎక్కడికి పోతాడు వదినా?"

"వారానికి ఇవాళేగా మా ఆయన వచ్చాడు..." అంటుంటే ఆవిడకు ఫిన్లే మీద పట్టరాని కోపం వచ్చింది. వానమీదా, గాలిమీదా, ఏమీ అడగకుండా కూర్చున్న గార్త్ మీదా వచ్చింది. నాలుగేళ్ళుగా ఆవిడ బతుకుతున్నది ఆ కాసేపటి కోసమే.

ఇంజను చప్పుడు ఇంటి మీదుగా వెళ్ళింది. "నోరీన్ గారూ," అంది ఫిన్లే గొంతు, నిదానంగా. "మా అమ్మ ఫోన్ నంబరు మీ గోడ మీద రాసిపెట్టాను. చెప్పాల్సొస్తే మీరే చెప్పండి. గార్త్‌కు మెల్లగా చెప్పడం రాదు."

రన్‌వే ఇమ్మని అడగలేదు. అడిగి ఉంటే నోరీన్ కాదనేదేమో. తనకు మొగుడి కబురు ఎవరూ మెల్లగా చెప్పలేదు. అసలు కబురే రాలేదు. ఆ తల్లి ఎవరో, ఏ కిటికీ దగ్గర కూర్చుని ఉందో.

మైకు వైరు సాగినంత దూరం వసారాలోకి లాక్కెళ్ళి నిలబడింది. "ఇంక చాల్లేవయ్యా," అంది నీడతో, బటను నొక్కకుండా. తర్వాత నొక్కింది.

"కల్గర్రాలో ఉన్నవాళ్ళందరికీ, లీమా క్యుబెక్." నీడ వైపే చూస్తూ పూర్తిచేసింది. "రన్‌వే ఖాళీ చేశాను."

నీడ కదిలింది. పక్కకు తిరిగి, గడ్డి దాటి, వసారా మెట్ల దాకా వచ్చింది. దాని రెక్క ఆవిడ పాదాల మీద పడి చల్లగా తగిలింది. ఎదురుగా ఫిన్లే విమానం దిగి, కొంత దూరం పరుగెత్తి, పెట్రోలు లేక తనంతట తనే ఆగిపోయింది. నోరీన్ కిందికి చూసుకుంది. ఎండ ఇంకా ఉంది. పాదాల మీద నీడ లేదు.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. మైకు ముందు నోరీన్ ఊరికే కూర్చుంది. వాలుపొద్దులో ఎవరో దూరపు పైలట్, ఎప్పట్లాగే దారి వదిలి ఒక పక్కన చక్కర్లు కొడుతూ అడిగాడు.

"లీమా క్యుబెక్, ఇంకా రాలేదేం? ఎక్కడున్నావు?"

నోరీన్ తన గొంతుతోనే జవాబిచ్చింది.

"నిన్న వచ్చేశాడండీ. మీరు దిగండి."