చక్రపాణి పటం

యెషయాకు యాభై రెండేండ్లు నిండిన రోజు కూతురు కరుణ ఒక అట్టపెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. విప్పి చూస్తే చిన్న కంప్రెసరు, పెన్ను మాదిరి పట్టుకోని రంగు ఊదే కొత్త గన్ను, ఆరు సీసాల రంగులు.

"నాయనా, కాలేజీ నుంచి వచ్చినావంటే ఫోను గీకేదే పని నీకు. చేతిలో అంత విద్య పెట్టుకోని ఊరికే కూర్చుంటాండావ్. మళ్లా మొదలుపెట్టు" అనింది.

యెషయా నవ్వినాడు. నవ్వినాడు గానీ పెట్టె మూత మళ్లా మూసినాడు. ఎందుకో చెప్పాలంటే ఆ పని సంగతి ముందు చెప్పల్ల.

పడుచుతనంలో యెషయా ఆళ్లగడ్డ బస్టాండు కాడ ఒక స్టూడియోలో ఫినిషింగు చేసేటోడు. ఇప్పటి పిల్లలకు ఫినిషింగు అంటే తెలీదు. అప్పట్లో ఇంట్లో ఎవరన్నా పోతే, వాళ్ళ ఫోటో ఎంత చిన్నదుంటే అంత చిన్నది తెచ్చిచ్చేవాళ్ళు. పెండ్లి గుంపులో మూలన నిలబడిందో, ఓటు కార్డు మీదిదో. దాన్ని పెద్దది చేస్తే ముఖం బూడిద చల్లినట్టు మసకమసకగా వచ్చేది. అప్పుడు గన్నుతో గాలి వదిలి, రంగును పొగ పట్టించినట్టు పట్టించి, కండ్లు తేటగా, వెంట్రుక వెంట్రుకా విడిగా, చెంపల మీద ఇంత వెలుగు పెట్టి, మనిషి ఇప్పుడే ముఖం కడుక్కోని వచ్చి కూర్చున్నట్టు చేసేవాళ్ళు. ముసలోళ్ళకు ముడతలు తగ్గించేది. ముత్తైదువగా పోయినామెకు నుదుట కాసంత బొట్టు పెట్టేది. పాడె మీద తీసిన ఫోటో తెచ్చినా కండ్లు తెరిపించేది. ఆ కండ్లు తెరిపించేదాంట్లో యెషయాను మించినోడు కోయిలకుంట్ల దాకా లేడని పేరు. తరవాత కంప్యూటర్లు వచ్చె, ఫ్లెక్సీలు వచ్చె, గన్ను పట్టినోళ్ళంతా తలా ఒక దిక్కు పోయిరి. యెషయా నంద్యాలకొచ్చి కాలేజీలో అటెండరుగా చేరినాడు. పాత సామానంతా ఒక రేకు డబ్బాలో పెట్టి అటక మీదికి తోసినాడు. మళ్లా దాని మొగం చూడలేదు.

ఇప్పుడు కూతురు గన్ను తెచ్చిస్తే, దాన్ని పట్టుకోంగానే వేళ్ళు వాటంతట అవే వంగినాయి. నీళ్ళల్లో రంగు కలిపి పాత పేపరు మీద ఒక గీత ఊదినాడు. సన్నగా, దారం మాదిరి వచ్చింది. ఇంత సంతోషం వచ్చింది మనిషికి! గీతొక్కటే చాలదు కదా, ముక్కు పక్కన రంగు చిందకుండా అడ్డం పెట్టేదానికి మాస్కులు కావల్ల. పాత ఎక్స్‌రే ఫిలిములు కడిగి, ముక్కూ చెవీ ఆకారానికి కత్తిరించుకునేవాళ్ళు ఆ రోజుల్లో. అవి అటక మీది డబ్బాలోనే ఉండాయి. నిచ్చెన వేసుకోని దింపినాడు.

ఫిలిములన్నీ ఒకదానికొకటి కరుచుకోనుండాయి. ఒక్కొక్కటే గోరుతో విడదీస్తా వస్తే, రెండింటి మధ్య నుంచి బొటనవేలంత ఫోటో జారి ఒళ్ళో పడింది. పదో తరగతి హాల్‌టికెట్టుకు తీయించిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో. ఎడమ కనుబొమ్మ మీద గాటు. పెదవి బిగబట్టి, నవ్వొస్తాంటే ఆపుకున్నట్టుండే పిల్లోడు.

యెషయా ఫిలిములు పక్కకు నెట్టి, ఫోటోను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

ఆ పిల్లోడు చక్రపాణి. ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కే ఇంటోడు. పందొమ్మిదేండ్లకు కామెర్లు ముదిరి పోయినాడు, ఇరవై ఆరేండ్ల కిందట. తల్లి రామసుబ్బమ్మ ఈ ఒక్క ఫోటో కొంగున ముడేసుకోని స్టూడియోకు వచ్చింది. "ఇది తప్ప వానిది ఇంకోటి లేదు నాయనా. పెద్దదినానికి పటం కావల్ల" అనింది. యెషయా జాగ్రత్తగానే తీసి పెట్టినాడు. యాడ పెట్టినాడో యాడ జారిపోయిందో, రెండ్రోజుల తరవాత చూస్తే లేదు. చెత్తబుట్ట బోర్లించినాడు, బల్లలు జరిపినాడు, ఫిలిముల కట్ట మటుకు విప్పలేదు. దినం రేపనంగా ఆమె వచ్చి కూర్చునింది.

ఆ పొద్దు నిజం చెప్పింటే ఏమయ్యేది? ఓనరు తిట్టేటోడు, తల్లి ఏడ్చేది. అంతే కదా. యెషయాకు నోరు రాలేదు. పైగా తెలివి చూపించినాడు. "పాపిడి ఎటు తీసేటోడమ్మా? గాటు ఎంత పొడుగుంటాది? పనిలో తేడా రాకూడదు, చెప్పు" అని ఆమె నోటితోనే అన్నీ చెప్పించుకున్నాడు. పాపిడి, గాటు, చెవులు ఆమె చెప్పినట్టు వేసినాడు. మిగిలిన ముఖం? జేబులో తమ్ముడు రూబెన్ ఫోటో ఉండాది. ఇంచుమించు ఆ వయసోడే. ఆ కండ్లు, ఆ ముక్కు, ఆ గడ్డం దించేసినాడు.

పటం చూసి రామసుబ్బమ్మ గుండెలు బాదుకునింది. "నా కొడుకే! కండ్లు తెరిచి చూస్తాండాడు!" అని అద్దానికి ముద్దులు పెట్టింది. ముక్కు కాడ ఏదో తేడాగా ఉందని ఒక ముసలాయన గొణిగితే, "ఫినిషింగులో అంతేలే, కొంచెం బాగైతాది" అని పక్కనోళ్ళే సర్దిచెప్పినారు. దినాలు అయినాక ఆమె మళ్లా వచ్చి, మొగుడు చెక్కిన చిన్న రాతి కల్వం యెషయా చేతిలో పెట్టింది. "నా కొడుకును ఇంటికి తెచ్చినావు నాయనా" అనింది.

ఆ కల్వంలోనే యెషయా పెండ్లాం ఎలిజబెత్ ఇరవై ఆరేండ్లుగా తెల్లగడ్డలు దంచుతాంది. ఇప్పుడూ వంటింట్లో నుంచి టక్ టక్ మని ఆ చప్పుడే వస్తాంది.

ఈ బొంకు బయటపడతాదనే భయం ఒకటైతే, రెండో భయం ఎవరికీ చెప్పుకునేది కాదు. బతికున్నోని ఫోటోకు దండ వేస్తే ఆయుస్సు తగ్గుతాదంటారు. మనం ప్రభువును నమ్మినోళ్ళం, ఇవన్నీ మనకేందని యెషయా పగలంతా అనుకుంటాడు. రూబెన్ గోస్పాడు కాడ బండి మీద నుంచి పడితే మటుకు మూడ్రోజులు అన్నం తినలేకపోయినాడు. కిడ్నీలో రాయొచ్చిందంటే ఆస్పత్రి మెట్ల మీద కూర్చోని ఏడ్చినాడు. "మా అన్నకు నా మీద ఎంత ప్రేమో చూడండప్పా!" అని రూబెన్ అందరికీ చెప్పుకున్నాడు.

చప్పుడు ఆగి ఎలిజబెత్ బయటికొచ్చింది. "ఏమైంది కరుణ నాయనా, దయ్యాన్ని చూసినట్టుండావ్?"

ఫోటో చూపించి అంతా చెప్పినాడు. ఆమె నిలబడి విని, చివరికి తెల్లగడ్డ చేతులు కొంగుకు తుడుచుకునింది.

"ఆదివారమాదివారం మోకాళ్ళ మీద నిలబడి పాపాలన్నీ ఒప్పుకుంటివి గదా. ఇది యాడ దాచిపెట్టినావ్?"

"ఇప్పుడు చెప్పి ఆమె మనసు ఇరగ్గొట్టేది యాల ఎలిజబెత్తూ? గమ్ముగా ఉంటే పోలా?"

"ఆమె కొడుకు ఫోటో అది. నీ దగ్గర పెట్టుకోని ఏం చేస్తావ్, పటం కట్టుకుంటావా? పో. ఈ కల్వం గూడా ఎత్తకపో. ఇంక దీంట్లో నేను దంచలేను."

ఆదివారం ఆరాధన అయినాక సంచిలో కల్వం, జేబులో ఫోటో పెట్టుకోని ఆళ్లగడ్డ బస్సెక్కినాడు. దారి పొడుగునా చేత్తో జేబు తడుముకుంటానే ఉండాడు.

రామసుబ్బమ్మ ఇంటి ముందర అంతా రాతి పొడి. పక్కింట్లో మిషనుతో ఎవరో రాయి కోస్తాండారు. ఆమెకు డెబ్బై దాటింది, నడుము వంగింది, కండ్లు మటుకు చురుగ్గానే ఉండాయి. గుర్తుపట్టింది.

"ఫినిషింగు యెషయావు కదా! రా నాయనా, రా. తల నెరిసిపాయ నీకు గూడా! ఇంత మజ్జిగ తాగుతావా?"

నట్టింట్లో గోడ మీద పటం. బంతిపూల దండ, అద్దం మీద కుంకుమ బొట్టు. ఇరవై ఏండ్ల పడుచు రూబెన్ దాంట్లో నుంచి యెషయాను చూస్తాండాడు. మజ్జిగ లోటా పక్కన పెట్టినాడు. జేబులో ఫోటో తీసి ఆమె చేతిలో పెట్టినాడు.

ఆమె వాకిట్లోకి పోయి, వెలుతురుకు పట్టుకోని చూసింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఎవురప్పా ఈ పిల్లోడు?"

యెషయా ఇంటి దగ్గర్నుంచి వంద మాటలు అనుకోని వచ్చినాడు. అన్నీ మరిచిపోయినాడు. "నీ కొడుకమ్మా" అన్నాడు. అని, గోడ పట్టుకోని మొదట్నుంచి చివరిదాకా చెప్పినాడు. ఏదీ దాచలేదు, పాపిడి అడిగిన సంగతి గూడా చెప్పినాడు.

ఆమె అరుగు మీద కూర్చునింది.

"రోజూ పొద్దున్నే వానికే చెప్పుకుంటాంటి" అనింది. "కాలు నొప్పి అని, వాన రాలేదని. వాని చెల్లెలు గాయత్రికి పాప పుట్టిందని అందరికంటే ముందు వానికే చెప్తి. ఎవనికి చెప్తి నేను? నా బిడ్డ ఇన్నేండ్లు నీ డబ్బాలో ఉండె. ఒక్కడే, చీకట్లో."

ఉన్నట్టుండి ఆమె లేచింది. "ఆ గోడ మీద ఎవరనింటివి? నీ తమ్ముడా? బతికుండాడా?"

"ఉండాడమ్మా. గోస్పాడులో సేద్యం చేస్తాడు."

"అయ్యో నా తల్లీ! బతికున్నోనికి దండ వేస్తినా! ఇరవై ఆరేండ్లు! ముందే చెప్పి సావల్లేదా నువ్వు? ఫోను చెయ్, ఇప్పుడే చెయ్. మొగం కనపడేటట్టు చెయ్."

యెషయా వీడియో కాల్ చేసినాడు. రూబెన్ మడిగట్టు మీద నుంచి ఎత్తినాడు. తలకు తువాలు, నెరిసిన మీసం, బుగ్గన వక్క.

"ఏందన్నా, ఆదివారం పూట గుర్తొస్తి?"

రామసుబ్బమ్మ ఫోను లాక్కునింది. ఫోను చూసింది, గోడ చూసింది, మళ్లా ఫోను చూసింది. అవే కండ్లు, అదే గడ్డం. చూపుడువేలితో ఫోను మీద ఆ నెరిసిన మీసాన్ని తడిమింది.

"ముసలోడైపోతివి కదరా!" అనింది.

"ఎవురన్నా ఈ అవ్వ? నన్ను ముసలోడంటాంది?"

"తిన్నావా నాయనా?"

"యాడ తింటినవ్వా, నీళ్ళు కట్టుకుంటాండా. ఇంటికి పోయి తింటా."

"బేగా పోయి తిను. ఎండలో ఉండద్దు. బండి మెల్లగా నడుపు."

ఫోను తిరిగిచ్చి ఆమె స్టూలు లాక్కోని ఎక్కబోయింది. యెషయా పట్టుకున్నాడు. దండ తనే తీసింది. కొంగు తడిచేసి అద్దం మీది కుంకుమ బొట్టు తుడిచింది. పూర్తిగా పోయేదాకా మూడుసార్లు తుడిచింది.

"ఇది ఎత్తకపోయి వాళ్ళింట్లో ఇయ్యి. పాతికేండ్లు ఎవరో ఒక పిచ్చిది పలకరించిందని చెప్పు. నవ్వుకుంటాడు."

"మరి చక్రపాణి పటం... నేను మళ్లా వేస్తానమ్మా. కొత్త గన్ను ఉంది."

ఆమె చేతిలో ఫోటో దిక్కు చూసింది. "వీడు నాకు కొత్తోడప్పా. నా కడుపున పుట్టినోడు, నాకు గుర్తు రాలేదు. వీనితో మళ్లా మొదట్నుంచి పరిచయం చేసుకోవల్ల నేను." ఫోటో రవికలో దోపుకునింది. "నీ చేతికి ఇయ్యను. ఈడికొచ్చి, నా ముందర కూర్చోని వెయ్."

యెషయా సంచిలో నుంచి కల్వం తీసి అరుగు మీద పెట్టినాడు. తీసుకోదేమో, ఉంచుకో నాయనా అంటుందేమో అని లోపల ఆశ ఉండె. ఆమె దాన్ని ఒక్కసారి చేత్తో తడిమి, "ఆడనే ఉండనీ. పని అయినాక చూద్దాం" అనింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం యెషయా కంప్రెసరు సంచిలో వేసుకోని ఆళ్లగడ్డ పోతాండాడు. ఎంతసేపు వేసినా ఫోటో ఆమె చేతిలోనే. ఆమె పట్టుకుంటే ఆయన చూసి వేయల్ల. మూడో వారానికి కండ్లు, నుదురు, కనుబొమ్మ వచ్చినాయి. గాటు చుట్టూ ఎప్పటి అలవాటుతో నునుపు చేయబోతే, "ఆగు, ఆడ గరుకుంది చూడు" అని వేలు పెట్టింది.

చొక్కా కాడికి వచ్చినాక గన్ను ఆగింది. "ఏం రంగు చొక్కా అమ్మా అది?"

ఆమె ఫోటోను కండ్ల దగ్గరికి తెచ్చుకోని చూసింది. "నీలమో, పచ్చో. తెలీదు నాయనా, మరిచిపోయినా." కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

ఒకప్పుడైతే యెషయా ఏదో ఒక రంగు ఊదేసేటోడు. ఎవరికి తెలుస్తాది? నీలం సీసా మూత విప్పినోడు మళ్లా బిగించినాడు. బూడిద రంగే కలుపుకోని, ఫోటోలో ఎట్లుంటే అట్లే వేసుకుంటా పోయినాడు.

"ఇంగా ఎన్ని వారాలు పడతాది?" అని అడిగిందామె.

"చెప్పలేనమ్మా."

"సరే. వచ్చే ఆదివారం అన్నం ఈడనే తిందువు, రా."

సామాను సర్దుకోని బస్సుకు బయల్దేరినాడు. కల్వం అరుగు మీద పెట్టిన చోటే ఉండాది, రాతి పొడి సన్నగా పరుచుకోని. దాన్ని తుడుద్దామని చెయ్యి పోయింది గానీ, ముట్టుకోకుండానే మెట్లు దిగినాడు.