బొబ్బర్లు తిన్న కంప్యూటర్

మాలి దేశంలోని మా సెగు పట్నంలో జారా ఇంటిపేరు వాళ్ళకీ త్రావొరే ఇంటిపేరు వాళ్ళకీ తాతల నాటి నుంచి వేళాకోళపు వరస. దారిలో ఎదురుపడితే ముందు తిట్టుకుని, ఆ తరవాతే ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారని అడుగుతారు. తిట్లన్నిటిలోకీ పెద్దది "బొబ్బర్ల తిండిపోతా!" అనడం. తిట్టించుకున్నవాడు నవ్వాలి. మొహం ముడుచుకున్నాడా, వాడి పరువు ఆ పూటతో సరి. పెళ్ళిలోనైనా చావింట్లోనైనా ఇదే పద్ధతి. నా ఇంటిపేరు కోనే. జారాలకి పాలివాడి కింద లెక్క కాబట్టి నా వాటా తిట్లు నాకూ ముడుతూనే ఉంటాయి.

ఈ వరసే మా దర్జీ న్యాంకోరో జారా కొంప ముంచబోయింది.

న్యాంకోరో కొట్లో ఎంబ్రాయిడరీ మిషన్ ఒకటుంది. ఏ పువ్వు ఎక్కడ కుట్టాలో, ఏ తీగ ఎటు తిప్పాలో దానికి చెప్పేది ఒక పాత కంప్యూటర్. ఫ్రాన్సులో ఎవరో పారేస్తే ఓడెక్కి వచ్చిన సరుకది. రెండింటినీ కలిపే వైరు బొటనవేలంత లావు. ఇప్పటి కంప్యూటర్లలో దేనికీ ఆ వైరు పట్టే కన్నం లేదు. ఆ ముసలిది చెబితే తప్ప మిషన్ ఎవరి మాటా వినదు. అలాంటిది, గొర్రెల పండగ తబస్కీ వారం ఉందనగా మూగబోయింది. నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా అలాగే ఉంటుంది.

మామూలు గిరాకీల బట్టలు ఆలస్యమైతే నాలుగు తిట్టి పోతారు. వాడి భయమంతా ఒక్క బట్ట గురించి. అది అత్తగారి బూబూ, పాదాల దాకా జారే వదులు అంగీ. మొన్న రంజాన్ పండగకి ఇలాంటిదే ఒకటి ఇస్తానని ఒట్టేసి, పండగ దాటిన మూడో నాటికి పట్టుకెళ్ళాడు. ఆవిడ పండగనాడు పాత బూబూలోనే వచ్చినవాళ్ళందరి పలకరింపులూ అందుకుంది. పక్కింటావిడ "అల్లుడు దర్జీ అన్నారే" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ సాయంత్రమే కూతురు నియలేకి కబురొచ్చింది, మూట సర్దుకుని రమ్మని. వెళ్ళింది. తబస్కీ పొద్దున అల్లుడు కుట్టిన బూబూ తన ఒంటి మీద ఉంటే అమ్మాయిని పంపుతాను, లేకపోతే లేదు అని అత్తగారి మాట. కర్రలతో బాది బాది అద్దంలా మెరిపించిన నీలం బట్ట అప్పటికే కొట్లో మడత మీద ఉంది. దాని మీద ఒక్క పువ్వూ పడలేదు.

న్యాంకోరో కంప్యూటర్‌ని నెత్తిన పెట్టుకుని సేరిబా త్రావొరే పాకకి వచ్చాడు. రేడియోల దగ్గర్నుంచి కంప్యూటర్ల దాకా సేరిబా చెయ్యి పడని సామాను ఊళ్ళో లేదు. మేం అక్కడే కూర్చుని టీ కాచుకుంటున్నాం.

"బావా, చచ్చిందంటావా, బతుకుతుందా?"

సేరిబా పక్క రేకు ఊడదీసి, లోపలి దుమ్ము ఉఫ్‌మని ఊది, టార్చి వేసి చూశాడు.

"అనుకుంటూనే ఉన్నా. జారాల కొంపలో పెరిగింది కదా! బొబ్బర్లు మెక్కి మెక్కి లోపల పొట్టలుబ్బిపోయాయి."

మేమంతా గొల్లుమన్నాం. న్యాంకోరో కూడా నవ్వాడు. "త్రావొరేల చేతిలో పడింది, ఇక ఆకలికి మాడి చస్తుందిలే. అసలు సంగతి చెప్పు."

"ఇదే అసలు సంగతి. ఇటు చూడు, ఎంతమంది ఉబ్బారో. ఈ మూల వాడైతే కక్కేశాడు కూడా."

"మా తాతలు ఈ ఊరిని ఏలుతుంటే మీ తాత కోట గుమ్మంలో ఇలాగే కక్కేవాడంట!"

"ఏలారులే, గంజికుండల్ని. ఇలాంటిదే చచ్చిన కంప్యూటర్ ఇంకోటి పట్రా. చేసి పెడతా."

ఒక చచ్చినదాన్ని బాగుచెయ్యమంటే ఇంకో చచ్చినదాన్ని తెమ్మంటాడేమిటని మాకు నవ్వాగలేదు. న్యాంకోరో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సరదా తీరాక చేస్తాడులే అనుకున్నాడు. దానికెక్కడ తొందరుంది, పార్టు తెస్తే చేద్దాం అని సేరిబా అనుకున్నాడు.

మర్నాడు న్యాంకోరో వచ్చాడు. "తెచ్చావా?" అన్నాడు సేరిబా.

"ఏమిటి?"

"చచ్చిన కంప్యూటర్."

"దాని శవానికి చుట్టడానికి కఫన్ గుడ్డ కూడా తేనా బావా?"

మళ్ళీ నవ్వులు. ఆ పైరోజు న్యాంకోరో గిన్నెడు ఉడికించిన బొబ్బర్లు తెచ్చి కంప్యూటర్ మీద పెట్టాడు. "నీ రోగికి పథ్యం!" సేరిబా తొణక్కుండా గిన్నె ఖాళీ చేసి, "ఉప్పు తగ్గింది" అన్నాడు. అంత చక్కటి దెబ్బకి దెబ్బ ఈ మధ్య చూడలేదని మేం మెచ్చుకున్నాం. కంప్యూటర్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పండగ ఇంక రెండు రోజులుందనగా ఉల్లిపాయల బుట్టతో నియలే అటుగా వచ్చింది. ఉల్లిపాయల బజారు ఊరికి అవతలి పక్కన ఉంది. న్యాంకోరో గభాల్న లేచి నిలబడ్డాడు. ఆమె మొగుడి వంక చూడలేదు.

"అన్నయ్యా, అది మా ఇంటి కంప్యూటర్ కదా? ఏమైంది దానికి?"

'మా ఇంటి' అన్న మాట మేమందరం విన్నాం.

నియలే కూడా త్రావొరేల పిల్లే. చెల్లెలి వరస మనిషితో వేళాకోళం కుదరదు. సేరిబా టీ గ్లాసు కింద పెట్టాడు.

"కెపాసిటర్లు పోయాయమ్మా. కరెంటుని కాస్త పట్టి ఉంచి, సమంగా అందించే చిన్న డబ్బీలు. మన ఊరి కరెంటు ఒకసారి ఎద్దులా వస్తుంది, ఒకసారి మేకపిల్లలా వస్తుంది. దానికి తోడు ఈ ఎండలు. వేడెక్కి ఉబ్బిపోయాయి. కొత్తవి రాజధాని బమాకో నుంచి తెప్పించాలంటే, పండగ ముందు బస్సుల్లో గొర్రెలకి తప్ప చోటు లేదు. ఇలాంటిదే పాతది ఒకటి దొరికితే అందులో బాగున్నవి పీకి ఇందులో వేస్తా. మీ ఆయనకి మొదటి రోజే చెప్పా."

"ఎప్పుడు చెప్పావు?" న్యాంకోరో అరిచాడు.

"పొట్టలుబ్బాయని చెప్పలా? చచ్చినదాన్ని తెమ్మని చెప్పలా?"

"అది నిజమా?"

"మరేమనుకున్నావు?"

"నిజమైతే నిజంలాగా చెప్పొచ్చుగా!"

"జారాతో నిజంలాగా మాట్లాడితే మా పెద్దాళ్ళు నన్ను ఇంట్లోకి రానిస్తారా?"

నియలే ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మా అమ్మ నీళ్ళకుండ కింద ఒకటుంది," అంది. పెళ్ళి కుదుర్చుకునే రోజుల్లో బావమరిదిని మంచి చేసుకోవడానికి న్యాంకోరో ఇచ్చిందే అది. ఏనాడో చచ్చి, కుండకి పీటైంది. "అమ్మ పగటి నిద్ర లేచేలోగా తెస్తా" అని బుట్ట అక్కడే వదిలి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు నెత్తి మీద గుడ్డ చుట్టిన మూట ఉంది.

సేరిబా సోల్డరింగ్ ఇనుము వేడిచేశాడు. ఆ కుండపీట బోర్డు మీద పొట్ట నున్నగా ఉన్న డబ్బీల్ని ఏరి, మీటరు పెట్టి చూసి ఊడదీశాడు. అవి అందిచ్చే పని న్యాంకోరోది.

"గీత ఉన్న పక్క నా వైపుండాలి. తిరగేసి పెడితే టపాకాయలా పేలుద్ది," అన్నాడు సేరిబా.

న్యాంకోరో చెయ్యి ఆగిపోయింది. పెళ్ళాం వంక తిరిగాడు. "ఇది వేళాకోళమా, నిజమా?"

"నిజం," అంది నియలే.

ఇక అక్కడి నుంచి అదే తంతు. "ఇనుము ముట్టుకోకు, కాలుద్ది" అన్నా ఆమె మొహం చూడాల్సిందే. "జరుగు బావా, వెలుతురు రానీ" అన్నా చూడాల్సిందే. "మీ తాత గాడిద" అన్నప్పుడు మాత్రం, "అది వేళాకోళం" అని ఆమే అడక్కుండా చెప్పింది. రెండు నెలల తరవాత మొగుడితో ఆమె ఆడిన మొదటి మాటలివి. మరలన్నీ అరచేతిలో పట్టుకుని, ఇద్దరి మధ్యా ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది.

చివరి డబ్బీ అతుకుతుండగా వెనక నుంచి వినిపించింది: "నా కుండని నేల మీద పెట్టిందెవరు?"

అత్తగారు! న్యాంకోరో తల దించేశాడు. విప్పి పడేసి ఉన్న తన కుండపీటని ఆవిడ చూసింది. పీట మీద కూర్చున్న కూతుర్ని చూసింది. అప్పుడే సేరిబా మీట నొక్కాడు. తెర నల్లగా ఉంది, నల్లగానే ఉంది, ఒకసారి రెప్పలాడింది, తరవాత తెల్లగా అక్షరాలు వరసకట్టాయి. మేం కేకలు పెట్టాం.

"పండగ పొద్దున బూబూ ఒంటి మీదుండాలి," అంది అత్తగారు అల్లుడి నడినెత్తికేసి చూస్తూ. "కుండ కిందికి పీట కూడా ఉండాలి." వెళ్ళిపోయింది.

పీట తేలికే. బూబూ దగ్గరే వచ్చింది చిక్కు. మిషన్ ఆగకుండా కుట్టింది. మెడ చుట్టూ తీగలు, రొమ్ము మీద పెద్ద చక్రం, కుడి చెయ్యి పూర్తిగా. పండగ నమాజుకి జనం వీధిలో కదిలే వేళకి ఎడమ చెయ్యి ఉట్టిదే మిగిలింది. అలాగే పట్టుకెళ్ళాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

"అత్తయ్యా, ఎడమ చెయ్యి..." అంటూ వాడు బూబూ అందించాడు.

ఆవిడ లోపలికెళ్ళి తొడుక్కొచ్చింది. కుడి చెయ్యి చాపి చూసుకుంది. ఎడమ చెయ్యి చాపింది. పక్కింటావిడ గొంతు గుమ్మం బయట వినిపిస్తూనే ఉంది. నియలే గదిలోంచి దళసరి శాలువా ఒకటి తెచ్చి తల్లి ఎడమ భుజం మీంచి మోచేతి దాకా కప్పింది.

"ఈ ఎండలో శాలువా ఏమిటే?"

"చలిగా ఉందమ్మా."

"ఎవరికి?"

"నీకే."

తల్లి కూతురి మొహం చూసింది. తలుపు పక్కన ఆమె కట్టి పెట్టుకున్న బట్టల మూట చూసింది.

"అవునవును, కాస్త చలిగానే ఉంది," అంటూ నుదుటి చెమట కుడిచేత్తో తుడుచుకుని, పక్కింటావిణ్ణి పలకరించడానికి వీధిలోకి నడిచింది.