పెట్టె మీద తువ్వాలు

మా చిన్నకోడలు స్కూలు వ్యాను నడుపుతుంది. స్కూలువాళ్ళు స్టీరింగు పక్కన ఒక పెట్టె బిగించారు. ముందు బండికి మరీ దగ్గరగా పోయినా, బ్రేకు గట్టిగా తొక్కినా అది కీమంటుంది, ఎర్రలైటు వెలుగుతుంది. శనివారానికల్లా దాని అరుపులు తగ్గకపోతే వ్యాను ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

మొదటిరోజు ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద విసిరేసింది.

"పిల్లలు కూడా కీ కీ అని వెక్కిరిస్తున్నారు మామయ్యా. అత్తయ్యయినా నన్ను ఇంత సాధించలేదు!"

"నాకు చేతకాకనా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఆ వైరు పీకి పారేస్తాను."

"పీకితే వ్యానూ పోతుంది. ఆ వ్యాను వదిలే పని లేదు. రేపు నేనూ వస్తాను" అన్నాను.

ముందుసీట్లో కూర్చున్నాను. నాకు డ్రైవింగు రాదు. అందుకని రోడ్డు కంటే కోడలి మొహమే ఎక్కువ చూశాను. పెట్టె కీమనగానే ఆమె కళ్ళు ఎర్రలైటు మీదికి పోతున్నాయి. తలెత్తేసరికి ముందు బండి మీదికొచ్చేసినట్టే ఉంటోంది. దడేలున బ్రేకు. మళ్ళీ కీ.

"అమ్మాయ్, దాని మొహం చూడకు. చెప్పేది వింటే చాలు" అని నా భుజం మీది తువ్వాలు తీసి లైటు మీద కప్పాను.

"కప్పేస్తే నాకెలా తెలుస్తుంది?"

"అరుపు కప్పలేదుగా. అది అరవగానే యాక్సిలరేటరు మీది కాలు తేలిక చెయ్యి. కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉంచు."

పళ్ళు బిగించి నడిపింది. గురువారానికి, పెట్టె అరవకముందే కాలు లేస్తోంది.

శుక్రవారం మలుపు దగ్గర ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను సీటు గట్టిగా పట్టుకున్నాను. కానీ మధ్యలో బోలెడు చోటుంది. వ్యాను మెత్తగా ఆగింది. వెనక సీట్లో పిల్ల చేతిలో మూత తీసిన సీసాలోంచి నీళ్ళు కూడా ఒలకలేదు.

"ఆంటీ, ఇవాళ దానికి గొంతు పోయిందా?" అనడిగింది ఆ పిల్ల.

కోడలు నవ్వింది గానీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

శనివారం పొద్దున నేను చెప్పులేసుకుని బయల్దేరితే కోడలు వ్యాను తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ మీరొద్దు మామయ్యా. మీ కబుర్లలో అది అరిచినా వినపడదు."

"మరి నా తువ్వాలు?"

"అది నాతో రానివ్వండి."

సాయంత్రం తాళాలు మళ్ళీ ఇంటికొచ్చాయి. ఈసారి విసరలేదు. గోడకున్న మేకుకి తగిలించి, "అత్తయ్యా, మామయ్యకి కొత్త తువ్వాలు కొనాలి" అంది.