తెల్ల బేసిన్‌లో నీళ్లు

మా చెరువు గేటు దగ్గర నేను చేసే పని చూసి నవ్వుకోనివాళ్లు లేరు. గాలాలు పట్టుకుని సరదాకి చేపలు పట్టడానికి వచ్చేవాళ్ల బకెట్లు, వలలు, బూట్లు, అద్దె పడవల అడుగులు అన్నీ నేను చూడాలి. లోపలికి వచ్చేటప్పుడూ చూడాలి, బయటికి పోయేటప్పుడూ చూడాలి. నీళ్లు ఒంపించాలి, కడిగించాలి, ఎండలో ఆరబెట్టించాలి. అనుమానం వస్తే ఆ నీళ్లు కాసిని తెల్ల బేసిన్‌లో పోసి వెలుతురులో పెట్టి చూడాలి. తెల్లటి అడుగు మీద వెంట్రుకంత చేపపిల్ల కదిలినా తెలిసిపోతుంది.

"మా ఆవిడ కూడా నన్నింత సోదా చెయ్యదమ్మా," అనేవాడు ఒక రిటైరైన బస్సు డ్రైవరు, బూట్లు విప్పుతూ.

"చేసుంటే మీరు ఆదివారం పూట ఇక్కడెందుకుంటారు లెండి," అనేదాన్ని.

ఈ పని మా ఆయనది. ఆయన పోయాక కొన్నాళ్లు గేటు దగ్గర ఎవరూ లేరు. తర్వాత నాకిచ్చారు. ఆయన స్టూలు, ఆయన బేసిను, ఆయన రబ్బరు బూట్లు. బూట్లు నాకు మరీ పెద్దవి. ముందు గుడ్డలు కుక్కుకుని వేసుకునేదాన్ని.

గేటు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే చెరువులోకి ముళ్లచేప వచ్చింది. బొటనవేలంత ఉంటుంది, వీపు మీద వరసగా ముళ్లు. చూస్తే ఇదేం చేస్తుందిలే అనిపిస్తుంది. మిగతా చేపల గుడ్లు తినేసి, తన గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు జిగురు. నాచుకి, తాడుకి, పడవ అడుక్కి, దేనికి తగిలితే దానికి అంటుకుంటాయి. రెండు వేసవులు తిరిగేసరికి మా చెరువులో ముళ్లచేపలూ, ముసలి చేపలూ తప్ప మరేమీ మిగల్లేదు. పసిపిల్లలు లేని ఊరిలా అయిపోయింది.

చేపల ఆఫీసరమ్మ వచ్చి వలలు వేయించి చూసింది. నా స్టూలు మీద కూర్చుని, నేనిచ్చిన టీ తాగకుండా గ్లాసు చేత్తో పట్టుకునే ఉంది.

"వానలు పడితే చెరువు పొంగుతుందమ్మా. కాలవ వెంట ఇది దిగువ చెరువులోకి పోతుంది, అక్కణ్ణించి నదిలోకి. ఆ తర్వాత ఇక చేసేదేం లేదు. ఈలోగానే మందు కలపాలి. చెరువులో చేపలన్నీ పోతాయి. నీళ్లు బాగుపడ్డాక మంచి చేపపిల్లల్ని తెచ్చి వదులుతాం."

"అన్నీ అంటే... బాగా ముసలివి కూడానా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మందుకి ముసలీ ముతకా తెలీదమ్మా," అంది మెల్లగా.

నేనడిగింది పెద్దాయన గురించి. పెద్దాయన అంటే మనిషి కాదు, చేప. రెల్లు పొదల వైపు తిరుగుతుంది. చేరెడు పొలుసులు, నల్లటి వీపు. మా ఆయన పెళ్లికి ముందు ఒకసారి పట్టాడట, అప్పుడే గాలానికి దాని పై పెదవి చీలింది. ఆ తర్వాత ఎప్పుడు చిక్కినా ఆ చీలిక మీద బొటనవేలితో ఒకసారి నిమిరి నీళ్లలో వదిలేవాడు. "వెళ్లిరండి పెద్దాయనా, మీరే నాకంటే ఎక్కువ కాలం ఉంటారు," అనేవాడు. ఆయన వేళాకోళానికి అన్న మాటల్లో నిజమైంది అదొక్కటే.

మందు కలపడానికి ముందురోజు, ఆఖరిసారి కదా అని జనాన్ని రానిచ్చారు. మా మరిది కూడా వచ్చాడు. స్కూటర్లు బాగుచేసే పని అతనిది. ట్రాలీ ఆటోలో ఒక నల్ల డ్రమ్ము వేసుకొచ్చాడు.

"డ్రమ్మెందుకయ్యా?"

"తిరగేసి కూర్చోడానికి వదినా. గట్టు మీద నడుం పట్టేస్తోంది."

"నీ నడుం కాదు, నీ బద్ధకం పట్టేసింది," అని నవ్వి పంపించాను. ఖాళీ డ్రమ్మే, పొడిగానే ఉంది.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. డ్రమ్ము మీద తడిపిన గోనెసంచి కప్పి ఉంది. లోపల ఏదో బుడబుడమంటోంది. స్కూటరు బ్యాటరీకి గాలి పంపు బిగించాడు.

"దించు," అన్నాను.

"వదినా, ఒక్కసారి అటు తిరుగు. చాలు."

నేను గోనె ఎత్తాను. పెద్దాయన. డ్రమ్ములో ఒళ్లు విల్లులా వంచుకుని ఉన్నాడు. నోరు తెరిచి మూసినప్పుడల్లా ఆ చీలిన పెదవి కదులుతోంది.

"మా ఓనరు తోటలో గుంట ఉంది వదినా, దిగువ చెరువు పక్కనే. అక్కడ వదిలేస్తా. ఒక్క చేప. మిగతావన్నీ చావనీ."

"వానొస్తే ఆ గుంట దిగువ చెరువులో కలవదూ?"

"పెద్దాయన ముళ్లచేప కాదుగా!"

నిజమే కదా అనిపించింది. ఎంతగా అనిపించిందంటే, బేసిను తియ్యడానికి వంగినప్పుడు కూడా, నీళ్లు బాగుంటే వదిలేద్దాం అనే అనుకున్నాను. డ్రమ్ములోంచి ఒక మగ్గు ముంచి బేసిన్‌లో పోశాను. తెల్లటి అడుగు మీద సన్నగా, కనురెప్ప వెంట్రుకల్లా, రెండు మూడు కదిలాయి.

నేనే పైపు తెచ్చాను. ఆ నీళ్లన్నీ బూట్లు కడిగే సిమెంటు గుంటలో ఒంపేసి, డ్రమ్ములో బోరు నీళ్లు పట్టి, పెద్దాయన్ని అందులో ఉంచాం. మళ్లీ మగ్గు, మళ్లీ బేసిను. ఏమీ లేదు.

"చూశావా!" మరిది మొహం విప్పారింది. "కడిగావు, చూశావు. నీ రూలు ప్రకారమే అయింది. ఇక ఎక్కించనా?"

"ఉండు, ఒళ్లు కూడా చూడనీ," అని చెయ్యి పెట్టాను. రెక్కలు తడిమాను, తోక తడిమాను. ఆఖరికి బొటనవేలు పెదవి మీదికి పోయింది. చీలిక మడతలో గరుగ్గా తగిలింది, ఇసకలాగా. వంగి చూస్తే ఇసక కాదు, గుడ్లు. గోటితో గీకితే కొన్ని ఊడి వచ్చాయి. ఆ వెనక ఇంకొన్ని. మడత లోపలికి, వేలు పోని చోటికి, అలా ఉంటూనే ఉన్నాయి.

మా ఆయన గాలం చేసిన గాయమే వాటికి గూడైంది.

"గీకు వదినా, ఇంకా గీకు."

"గీకుతూనే ఉన్నానయ్యా. లోపల ఒక్కటి మిగిలినా..."

మరిది ట్రాలీ అంచు మీద కూలబడ్డాడు. గ్రీజు చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

"నేనే వదినా," అన్నాడు. "ఆ ముళ్లచేపల్ని తెచ్చింది నేనే. ఎర కోసం బజార్లో బతికున్న చిన్న చేపలు కొనేవాణ్ణి. మిగిలితే ఇంటికి పట్టుకెళ్లి పారెయ్యమనేవాడు అన్నయ్య, చెరువులో మాత్రం పొయ్యొద్దురా అని తిట్టేవాడు. అన్నయ్య పోయాక... నాకు దేన్నీ చంపబుద్ధి కాలేదు. పొద్దుగూకేసరికి డబ్బాలో ఇంకా ఈదుతూ ఉండేవి. పోన్లే, బతకనీ అని నీళ్లలో వదిలేవాణ్ణి. అన్నయ్య చెరువే కదా అని."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. అన్నకి కొరివి పెట్టిన చేతులు. వాటికి మరో చావు వద్దనిపించిందంటే ఏమనను?

"లే," అన్నాను. "నేనొక్కదాన్నే మొయ్యలేను."

డ్రమ్ము చెరో పక్కా పట్టుకుని రెల్లు పొదల దాకా మోసుకెళ్లాం. నీళ్లలో వదిలాక పెద్దాయన కాసేపు అక్కడే ఆగాడు, అలవాటుగా, ఎవరో ఏదో అనాలన్నట్టు. నేనే అన్నాను, "వెళ్లిరండి పెద్దాయనా." ఆ మాట తప్పని తెలుసు. ఇంకేమనాలో తెలియలేదు.

మర్నాడు మందు కలిపారు. తేలిన చేపల్ని ఏరడానికి మనుషులు కావాలంటే మరిది పని మానుకుని వచ్చాడు. తిరిగొచ్చినప్పుడు అతని బూట్లు నేనే కడిగాను. పెద్దాయన దొరికాడా అని నేనడగలేదు, అతను చెప్పలేదు. బూట్లు కడిగినంతసేపూ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

వానలు ఆ ఏడు తొందరగానే పడ్డాయి. చెరువు నిండి కాలవలోకి నీళ్లు దూకుతుంటే, నేను బేసిను పట్టుకుని వెళ్లాను. మరిది గొడుగు పట్టాడు. కాలవలో ముంచి, వెలుతురు వైపు తిరిగి, ఇద్దరం తలలు వంచి చూశాం. నీళ్లు తేటగా ఉన్నాయి.

"ముళ్లచేప ఉందా వదినా?"

"లేదు."

"ఇంకేమన్నా?"

"ఏమీ లేదయ్యా. అసలేమీ లేదు."

అతను నా చేతిలోంచి బేసిను తీసుకుని, ఆ నీళ్లు గట్టు మీదే ఒంపేసి, వాన పడకుండా గొడుగు కింద బోర్లించి పట్టుకున్నాడు, ఆరడానికి.